థర్మామీటర్ పెట్టకుండా వడదెబ్బ లెక్కలెలా?

సంపాదకులకు,

ఎండలు ముదరగానే చలివేంద్రాలు, మజ్జిగ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ల పంపిణీ మొదలవుతుంది. మంచిదే. కానీ వడదెబ్బకు ఎందరు చనిపోయారన్నది మాత్రం ఎప్పుడూ కచ్చితంగా తేలదు. 2015 మేలో దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ వాళ్లే. అయినా స్పృహ తప్పిన మనిషిని తీసుకొచ్చిన వెంటనే ఒంటి లోపలి వేడి కొలవడం మన ఆస్పత్రుల్లో ఇంకా అలవాటు కాలేదు.

చంకలో పెట్టే థర్మామీటర్, నుదుటికి గురిపెట్టే గన్ చెమట పట్టిన ఒంటిమీద తక్కువ చూపిస్తాయి. మలద్వారంలో పెట్టి చూడాలి. 104 ఫారన్‌హీట్ దాటి, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ లేకపోయినా వడదెబ్బగానే చూడాలి. ఆ అంకె, చూసిన సమయం కేసు షీటులో లేకపోతే మరణం గుండెపోటు కింద పోతుంది. పోస్టుమార్టంలో వడదెబ్బకే ప్రత్యేకమైన ఆనవాలేదీ దొరకదు. తెలంగాణ 2025లో వడదెబ్బ మరణాలకు ఇచ్చే పరిహారాన్ని 4 లక్షలు చేసింది. రుజువు లేని కూలీ కుటుంబానికి అది అందేదెలా?

వైద్యమూ ఆ అంకెతోనే మొదలవుతుంది. అరగంటలో వేడిని 102కి దించాలి. కాబట్టి 108 అంబులెన్స్ ఎక్కించి జిల్లా ఆస్పత్రికి పంపే ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) చల్లబరచాలి. ఒక టార్పాలిన్, యాభై లీటర్ల నీళ్లు, ఇరవై కిలోల ఐస్, అంచులు ఎత్తి పట్టుకోవడానికి నలుగురు ఉంటే చాలు. మనిషిని మెడ దాకా ముంచి నీళ్లు కదుపుతూ ఉండాలి, 102కి రాగానే బయటకు తీయాలి. ఐస్ దొరక్కపోతే ఒళ్లు తడిపి ఫ్యాన్ పెట్టవచ్చు గానీ, కోస్తా ఉక్కపోతలో తడి త్వరగా ఆరదు, వేడీ దిగదు. అందుకే ఐస్ ఫ్యాక్టరీతో మార్చిలోనే మాట్లాడి పెట్టుకోవాలి. ఐస్ కోసం టీకాల డీప్ ఫ్రీజర్‌ను నమ్ముకోకూడదు. పారాసిటమాల్ పనిచేయదు, ఇది జ్వరం కాదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఆస్పత్రికి రాకుండానే రేకుల ఇళ్లలో రాత్రిపూట పోయే వృద్ధుల సంగతి వేరు. అన్ని కారణాల మరణాలనూ కలిపి మామూలు రోజులతో పోల్చితేనే వాళ్ల లెక్క తెలుస్తుంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో మామూలు కంటే 1,344 మరణాలు ఎక్కువని తేలింది అలా పోల్చి చూస్తేనే. 2013లో ఆ నగరం వడగాడ్పులను ఎదుర్కొనే కార్యాచరణ ప్రణాళిక తెచ్చుకుంది. మన మరణాల రిజిస్టరు ఆ రోజుకా రోజు పనికిరాదు, నమోదుకు చట్టం 21 రోజుల గడువు ఇస్తుంది. శ్మశానవాటికల నుంచి ఏ రోజు సంఖ్య ఆ రోజే తెప్పించి, గత ఐదేళ్ల అదే వారం సగటుతో పోల్చాలి.

మార్చి నుంచి జూన్ దాకా కలెక్టర్ల సాయంత్రపు సమీక్షలో మూడు అంకెలు అడగాలని కోరుతున్నాం: లోపలి వేడి కొలిచిన కేసులెన్ని, అరగంటలో చల్లబరిచినవెన్ని, ఆ రోజు మొత్తం మరణాలెన్ని.

భవదీయులు,
ప్రజారోగ్య వైద్యుల బృందం, గుంటూరు