మాస్టర్ సిలిండర్ మరమ్మతుల్లో జరిగిన తప్పు, ఇకపై మా నిర్ణయం

ఎన్నో ఏళ్లుగా మీ బండ్ల బ్రేకుల పని మాకే అప్పగిస్తున్నారు కనుక, ఈ సంగతి మీకు ఇంకెవరి ద్వారానో కాక నా నుంచే తెలియాలని రాస్తున్నాను. మాస్టర్ సిలిండర్ అంటే పెడల్ నొక్కినప్పుడు బ్రేకు ద్రవాన్ని ఒత్తిడితో చక్రాల వైపు పంపే భాగం. మా వర్క్‌షాప్‌లో దాన్ని విప్పి, కొత్త కిట్టు, అంటే లోపలి రబ్బరు కప్పుల సెట్టు, వేసి బిగించిన బండ్లలో మూడు ఈ మధ్య పెడల్ నిలబడటం లేదన్న ఒకే ఫిర్యాదుతో తిరిగి వచ్చాయి. ఎవరికీ ప్రమాదం జరగలేదు. అయితే మూడింటిలోనూ పాడైనవి మేము వేసిన రబ్బరు కప్పులే. అదే సరుకులోని కిట్లు వేసిన బండ్లు మరో 14 ఇప్పుడు మీ దగ్గర తిరుగుతున్నాయి.

సిగ్నల్ దగ్గర ఆగి పెడల్ మీద కాలు ఆనించి ఉంచితే అది నిలబడకుండా మెల్లమెల్లగా కిందికి దిగిపోతోందని మొదటి బండి యజమాని చెప్పారు. లైనులో గాలి మిగిలిందనుకుని, గాలి తీసి పంపేశాను. అది నా తప్పు. గాలి ఉంటే పెడల్ మెత్తగా స్పాంజిలా తగులుతుంది, వరుసగా రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. ఒకే బలంతో నొక్కి పట్టినప్పుడు నిదానంగా జారిపోవడం వేరే లక్షణం. ఈ తేడా తెలిసి కూడా, నా చేత్తో వేసిన కప్పు అంత త్వరగా పాడవుతుందని నమ్మడానికి మనసొప్పక, సులువైన కారణంతో సరిపెట్టుకున్నాను.

రెండో బండి వచ్చినప్పుడు సిలిండర్ నుంచి బ్రేకు పైపులకు వెళ్లే రెండు రంధ్రాలనూ ప్లగ్గులతో మూసి పెడల్ నొక్కాను. ద్రవం బయటికి పోయే దారి లేనప్పుడు పెడల్ గట్టిగా నిలబడాలి. అయినా దిగింది. అంటే లోపం చక్రాల దగ్గరా కాదు, పైపుల్లోనూ, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోనూ కాదు, సిలిండర్ లోపలే ఉంది. ఆ సిలిండర్‌లో ఒకదాని వెనుక ఒకటిగా రెండు పిస్టన్లు ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో బ్రేకు వలయాన్ని నడుపుతుంది, ఒక వలయం పోయినా రెండోది బండిని ఎంతో కొంత ఆపాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. పిస్టన్ మీది రబ్బరు కప్పు అంచు సిలిండర్ గోడను ఒరుసుకుని ఉండటం వల్లే ముందువైపు ఒత్తిడి నిలుస్తుంది. ఆ అంచు చెడితే ద్రవం వెనక్కి జారి, సిలిండర్ మీద ఉండే బ్రేకు ద్రవం డబ్బాలోకే మళ్లీ చేరుతుంది. బండి కింద చుక్క కనిపించదు, డబ్బాలో మట్టం తగ్గదు. అందుకే ఈ లోపం కంటికి ఆనదు.

అసలు కారణం మూడో బండి వల్ల బయటపడింది. దాని పెడల్ దిగడమే కాక, కొంత దూరం పోయాక బ్రేకులు వాటంతటవే పట్టేసి చక్రాలు వేడెక్కుతున్నాయి. పెడల్ వదిలినప్పుడు ద్రవం డబ్బాలోకి తిరిగి వెళ్లడానికి సిలిండర్ గోడలో ఒక సన్నని రంధ్రం ఉంటుంది. కప్పు ఉబ్బితే ఆ రంధ్రాన్ని మూసేస్తుంది, ఒత్తిడి లోపలే చిక్కుకుంటుంది. అరిగిన కప్పు ఆ పని చేయదు. విప్పి వర్నియర్‌తో కొలిస్తే కప్పు కొత్తదానికంటే లావుగా ఉంది, గోటితో నొక్కితే గాటు పడుతోంది.

ఆ కిట్లు పంపిన సరఫరాదారుతో మాకు చాలా ఏళ్ల లావాదేవీ ఉంది. విషయం చెప్పగానే ఆయన, మేమే కప్పులను పెట్రోలుతోనో ఇంజిన్ ఆయిల్‌తోనో తడిపి ఉంటామని అన్నారు. మనం వాడుకలో బ్రేక్ ఆయిల్ అంటున్నా, డాట్ 3, డాట్ 4 రకాలు నూనెలు కావు. బ్రేకు రబ్బరుకు ఖనిజ నూనె తగిలితే ఉబ్బిపోతుందన్నది మా దగ్గర పని నేర్చుకునే కుర్రవాడికి మొదటి రోజే చెప్పే పాఠం. బ్రేకు ద్రవానికి మేము వాడే గరాటు కూడా వేరు. ఆయన అన్న ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఇప్పటికీ బాధపెడుతోంది. కాబట్టి కొత్తగా తెరిచిన ఒకే డాట్ 4 సీసాలోని ద్రవాన్ని రెండు గాజు సీసాల్లో పోసి, ఒకదానిలో మా పాత నిల్వలోని కప్పును, రెండోదానిలో ఈ సరుకులోని కప్పును వేసి పది రోజులు కదపకుండా ఉంచాను. పాతది ఉన్నట్టే ఉంది. కొత్తది ఉబ్బింది. ఆ కప్పుకు బ్రేకు ద్రవం తప్ప మరేదీ తగలలేదు. ఈపీడీఎం రబ్బరు ఈ ద్రవంలో నిలుస్తుంది, నైట్రైల్ వంటి రబ్బరు నిలవదు. మాకు వచ్చినది బ్రేకుకు పనికివచ్చే రబ్బరు కాదు.

సీసాల ఫొటోలు పంపాక, మిగిలిన కిట్లు తిరిగి పంపితే వేరేవి ఇస్తానన్నారు. రెండు రాత్రులు ఆలోచించి వద్దన్నాను. తిరిగి పంపితే అవి ఇంకెవరి బండిలోనో చేరతాయి. ఆ డబ్బు వదులుకుని, ప్రతి కప్పునూ నేనే కత్తిరించి పారేశాను.

ఇకపై మా వర్క్‌షాప్‌లో మాస్టర్ సిలిండర్‌కు కిట్టు వేయడం ఉండదు. బండి తయారీదారు సూచించిన పూర్తి సిలిండరే మారుస్తాము. దీనివల్ల మీకు ఖర్చు పెరుగుతుందని తెలుసు. సిలిండర్ విప్పి బాగుచేయడం మా ప్రత్యేకత, ఆ పని కోసమే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చినవారు మీలో ఉన్నారు. లోపలి గోడకు గుంటలు పడితే కిట్టు వేయనని ఎందరినో వెనక్కి పంపాను, అల్యూమినియం సిలిండర్‌ను ఏనాడూ హోనింగ్ చేయలేదు, అంటే లోపలి గోడను రాపిడి రాయితో అరగదీయలేదు. పనిలో లోపం లేదని ఈ రోజుకూ నిలబడి చెప్పగలను. అయినా కంటితో చూసి మంచి రబ్బరో కాదో తేల్చలేనని రుజువయ్యాక, ఆ రబ్బరు మీద మిమ్మల్ని నడపమనలేను. పూర్తి సిలిండర్ దొరకని పాత బండ్లకు మాత్రం, ఆ కిట్టులోని ఒక కప్పు పదిహేను రోజులు సీసాలో నిలిచాకే పని మొదలుపెడతాను. తొందర ఉన్నవారు నన్ను మన్నించాలి.

పైన చెప్పిన 14 బండ్లకూ, వచ్చిన మూడింటికీ కొత్త సిలిండర్, బిగింపు, లైనంతటా కొత్త ద్రవం మా ఖర్చే. చెడిన రబ్బరు నలకలు ద్రవంలో కలిసి ఉంటాయి కనుక పాతది చుక్క కూడా ఉంచము. మేము ఫోన్ చేసేలోగా మీరే ఒకసారి చూసుకోండి. చదునైన చోట బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను మొదట తేలికగా, తర్వాత కాస్త గట్టిగా, ఒక్కోసారి అర నిమిషం నొక్కి పట్టండి. కాలు పెడల్ మీద ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేస్తే అది కొద్దిగా దిగడం, కాలి బలానికి సాయం చేసే బూస్టర్ పనిచేస్తున్నందుకు గుర్తు, దానికి కంగారు పడవద్దు. ఆ తర్వాత కూడా దిగుతూనే ఉన్నా, నడిపాక చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చినా బండి తీయకండి. మేమే వచ్చి తీసుకువెళతాము. కిట్టు వేయించుకున్నాక బండి అమ్మేసినవారు ఉంటే, కొన్నవారి ఫోన్ నంబరు దయచేసి మాకు ఇవ్వండి, వారితోనూ నేనే మాట్లాడతాను.