సగం కోసిన ఫోటో

నాన్నా,

మొన్న నువ్వు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన ఫోటోలో నీ భుజం పక్కన సగం చెయ్యి కనిపిస్తోంది. మణికట్టుకి రెండు ఆకుపచ్చ గాజులు. మిగతా మనిషిని కత్తిరించేశావు. ఆ స్టేటస్ మాతోపాటు ఆ అమ్మాయి కూడా చూసే ఉంటుంది.

నీ లెక్క నాకు తెలుసు. పెద్దత్త చూస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, నాన్నగారికి నలుగురిలో తలవంపులు, కాబట్టి కొన్నాళ్లు దాద్దాం అని. నీ భయం నీ లోపలుంటుంది, ఆ పిల్లకి కనబడేది మాత్రం దాచడం ఒక్కటే. తెలిసినవాళ్లు ఎదురైతే నాలుగడుగులు ఎడంగా నడవడం, ఇంటి నుంచి ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లడం, ‘కొలీగ్’ అని పరిచయం చెయ్యడం. ఒకసారైతే సర్దుకుంటుంది. పదోసారికి ‘నేనంటే ఇతనికి నామోషీ’ అని తేల్చుకుంటుంది. అక్కణ్ణుంచి సినిమాకి ఆలస్యమైనా గొడవే. గొడవ సినిమా గురించి కాదని ఇద్దరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అక్క పెళ్లయ్యాక చెబుతానంటున్నావట. ఆ తర్వాత గృహప్రవేశం, ఆపైన తాతయ్య ఆపరేషను. మన ఇళ్లలో కార్యాలకీ రోగాలకీ కొదవా? ఈలోగా మా మాట కాదనలేక ఒక పెళ్లిచూపులకి వెళ్లి కాఫీ తాగొస్తావు. ఇలాంటివి ఎక్కువగా తెగిపోయేది అక్కడే. అయినా ఆ పెళ్లిచూపుల ఇంటివాళ్లు నీకేం అపకారం చేశారని?

ఒక కాగితం తీసుకుని ఆ ‘నలుగురి’ పేర్లు రాయి. ఒక్కొక్కరినీ ఏడాదికి ఎన్నిసార్లు కలుస్తావో, వాళ్లకి కోపమొస్తే నీకు నిజంగా ఏది ఆగిపోతుందో పక్కన రాయి. కొట్టివేతలు పోగా ఇద్దరో ముగ్గురో మిగులుతారు, అందులో మేమిద్దరం ఉంటాం. మాతో నువ్వు మాట్లాడు. పెద్దత్త సంగతి నేను చూసుకుంటాను.

పండక్కి చుట్టాలున్నప్పుడు మాత్రం ఎత్తకు. పదిమందిలో ‘వద్దు’ అన్నారంటే మీ నాన్నగారు ఇక ఆ మాట వెనక్కి తీసుకోలేరు. “మీకిష్టమైతే చేసుకుంటా” అనకు, ఇష్టం లేదంటే ఏం చేస్తావు? “చేసుకుందామనుకుంటున్నాం, మీరు దగ్గరుండాలి” అను. ఆయన వారం రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ వారం ఇక్కడ ఏం జరిగిందో ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పు.

వాళ్లు క్రైస్తవులని చెల్లి చెప్పింది. ఎవరి మతంలో వాళ్లుండి రిజిస్టరు పెళ్లి చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. మీలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో నోటీసివ్వాలి. దాన్ని ఆఫీసులో అంటిస్తారు. నీ స్థిరనివాసం మన ఊరే కనుక ఒక కాపీ మన జిల్లాకీ వస్తుంది, ఇక్కడి గోడకీ ఎక్కుతుంది. అది చూసిన ఎవరో చెబితే నాన్నగారికి తెలియడం బాగుంటుందా? 30 రోజుల్లోగా ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చుగానీ వయసు చాలకపోవడం, ఇదివరకే చేసుకున్న భార్యో భర్తో బతికుండటం, పెళ్లికి చట్టం ఒప్పుకోని దగ్గర బంధుత్వం లాంటి కారణాలే చెల్లుతాయి. ‘మా మతం కాదు’ అంటే చెల్లదు. ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసిచ్చిన 3 నెలల్లో పెళ్లి కాకపోతే మళ్లీ మొదట్నుంచీ.

ఒకటి మాత్రం ఆ అమ్మాయిని సూటిగా అడుగు. వాళ్లింట్లో కొడతారనో, గదిలో పెట్టి తాళం వేస్తారనో భయముందా? ఉంటే అది పరువు భయం కాదు, ప్రాణభయం. అప్పుడు దాచడం తప్పు కాదు. అలాంటి జంటల కోసం జిల్లాకో ప్రత్యేక విభాగం ఉండాలనీ, రక్షణ గృహాల గురించి ఆలోచించాలనీ 2018 మార్చిలో శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. అలాగైతే ముందు నాకు ఫోన్ చెయ్యి, మిగతావన్నీ తర్వాత.

అలాంటిదేం లేకపోతే, ఆదివారం పొద్దున పేపరు చదవడం అయ్యేసరికి మీ నాన్నగారి మనసు కాస్త కుదురుగా ఉంటుంది. ఏ ఆదివారమో ఆ అమ్మాయిని అడిగి చెప్పు. ఆ పూట పెసరట్లు వేస్తాను.

అమ్మ