కాశీ కొన్నాను

టోక్యో, నిషికసాయి
సెప్టెంబరు 2, రాత్రి

ఒరేయ్ సుబ్బూ,

ముందు తిట్టుకో. కడుపునిండా తిట్టుకున్నాక చదువు. ఫిబ్రవరిలో నువ్వు రాసినదానికి సెప్టెంబరులో జవాబు. మధ్యలో రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకటి ఆఫీసు బ్యాగులో నలిగి చచ్చింది. రెండోదాని వెనక మా చిన్నది ఏనుగు గీసింది. ఏనుగు బాగా కుదిరింది, అందుకని పారెయ్యలేక దీంతోపాటే పెడుతున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా!

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్నకి కంటి ఆపరేషను అయింది, పేపరు చదువుతున్నారట. పద్మకి కొత్త పని దొరికింది. నా ఉద్యోగం ఉంది. వార్తలు సమాప్తం.

ఇప్పుడు అసలు సంగతి. నేను కాశీ కొన్నాను.

నవ్వకు. నిజంగానే. మొన్న శనివారం మధ్యాహ్నం, జింబోచోలో, వానలో. ఇప్పుడది నా బట్టల అల్మారా కింద అరలో, చొక్కాల కింద ఉంది. పద్మ దాన్ని చూసి ఏమందో తర్వాత చెప్తాను.

ఆ కాశీ బొమ్మ వేసిన బార్ట్‌లెట్ గురించి నీకు ఎప్పుడో చెప్పాను, నువ్వు విననేలేదు. మళ్ళీ చెప్తున్నా. చార్లెస్ డబ్ల్యూ. బార్ట్‌లెట్, ఇంగ్లీషువాడు, 1860లో డోర్సెట్‌లో పుట్టాడు. మొదట లోహాలూ రసాయనాలూ అంటూ పనిచేశాడు, అది వదిలేసి బొమ్మల్లోకి దిగాడు. 1913లో భార్యని వెంటబెట్టుకుని మన దేశం వచ్చాడు. పెషావరు, కైబరు కనుమ, ఆగ్రా, ఉదయపూరు, కాశీ... తిరిగినచోటల్లా నీటిరంగుల్లో వేసుకుంటూ పోయాడు. 1915కి జపాను చేరాడు. ఇక్కడ వతనాబె షోజబురో అనే ప్రచురణకర్త కంటపడ్డాయి ఆ బొమ్మలు. పాత చెక్క అచ్చుల విద్య చచ్చిపోతోందని దాన్ని మళ్ళీ లేపే పనిలో ఉన్నాడాయన. 1916లో ఒక్క ఏడాదిలోనే ఇద్దరూ కలిసి 20కి పైగా బొమ్మలు తీశారు. బార్ట్‌లెట్‌కి అప్పుడు 56 ఏళ్ళురా! మన హెడ్మాస్టారు రిటైరయ్యే వయసుకి ఆయన కొత్త విద్య మొదలుపెట్టాడు. ఇప్పుడందరూ ఎగబడే హసుయి అనే జపాను చిత్రకారుడు కూడా వతనాబె దగ్గరకి చేరింది 1918లోనే. 1917లో మనవాడు ఊరెళ్దామని ఓడెక్కి హోనోలులులో దిగాడు, దిగినవాడు ఇక కదల్లేదు. 1940లో అక్కడే పోయాడు.

నీకు విసుగొస్తోందని తెలుసు. పెడన గుర్తుతెచ్చుకో. మీ బావగారి పెళ్ళికి వెళ్ళినప్పుడు కలంకారీ అచ్చులు చూశాం, రంగుకో అచ్చు, అద్దే ఆయన చెయ్యి టప్ టప్‌మంటూ పోతూనే ఉంది. ఇక్కడా రంగుకో చెక్కే, కాకపోతే తిరకాసుంది. అక్కడ అచ్చుని ఎత్తి గుడ్డ మీద వేస్తారు. ఇక్కడ చెక్క కదలదు. చెర్రీ చెక్క మీద రంగు పూసి, తడి కాగితాన్ని దాని మీద బోర్లా వేసి, వెనక నించి బరెన్ అనే వెదురుపొర బిళ్ళతో రుద్దుతారు. కాగితం ప్రతిసారీ అదే చోట కూర్చోడానికి చెక్క మూలలో చిన్న గాడి ఉంటుంది, కెంటో అంటారు. వెంట్రుకవాసి జరిగిందా, ముక్కు ఒకచోట, ముక్కుపుడక ఇంకోచోట. బొమ్మ వేసేవాడొకడు, చెక్కేవాడొకడు, అద్దేవాడు ఇంకొకడు.

అంటే చూడు, గంగని చెక్కినవాడు గంగని చూసి ఉండడు. అద్దినవాడూ చూసి ఉండడు. ఒక ఇంగ్లీషాయన నీటిరంగులు చూసి, టోక్యోలో కూర్చుని, ఆ మెట్లన్నీ... సరే, దీని గురించి తర్వాత.

పోయినేడాది నేను మోసపోయిన సంగతి నీకు చెప్పలేదు. ఇదిగో ఇప్పుడు చెప్తున్నా, ఎవరికీ చెప్పకు. నెట్‌లో ఒకాయన దగ్గర "బార్ట్‌లెట్, అసలుది" అంటే కొన్నాను. వచ్చింది. ఫ్రేము కట్టించాను. రెండు వారాలు దాని ముందు కూర్చుని టీ తాగాను. ఒకరోజు ఊరికే భూతద్దం పెట్టి చూస్తే ఆకాశమంతా చుక్కలు. పేపర్లో ఫొటోకి ఉంటాయే, ఆ చుక్కలు. ఏదో పుస్తకంలోంచి కోసిన పేజీ! ఆ క్షణంలో నాకు ఎవరు గుర్తొచ్చారో చెప్పుకో. నువ్వే, దొంగ వెధవా. ఏడో క్లాసులో నా మూడుకోణాల మగ్యార్ పోస్టా, అదే హంగరీ స్టాంపు, తీసుకుని, బదులుగా సోవియట్ పత్రికలోంచి కోసిన స్టాంపు బొమ్మని అంటగట్టావు. చుట్టూ పళ్ళు కూడా మీ అక్క కుట్టుమిషను సూదితో పొడిచావు. ఆ పళ్ళ పనితనానికి మాత్రం ఇప్పటికీ నీకు దండం పెడతాను.

అందుకని ఈసారి భూతద్దం జేబులో పెట్టుకునే వెళ్ళాను.

జింబోచో అంటే పాత పుస్తకాల పేట. మన కోటగుమ్మం దగ్గర పుస్తకాల కొట్లని వందతో హెచ్చవేసుకో. అందులో ఒక కొట్టుకి రెండేళ్ళుగా వెళ్తున్నాను. నడిపేది ఒక పెద్దావిడ, డెబ్భై దాటి ఉంటాయి. నేను కొనేవాణ్ణి కాదని ఆవిడకి ఎప్పుడో అర్థమైపోయింది, అయినా ప్రతిసారీ లేచి వంగి నమస్కారం పెడుతుంది, నాకు సిగ్గు. శనివారం వాన దంచుతోంది, కొట్లో నేనొక్కణ్ణే. ఏమనుకుందో ఏమో, లోపలికి వెళ్ళి ఒక అట్టల సంచీ తెచ్చింది. చేతులు తుడుచుకుని పైన పల్చటి కాగితం ఎత్తింది.

కాశీ.

మెట్లు, నీళ్ళు, జనం. గొప్పగా ఏమీ చేసెయ్యడం లేదు వాళ్ళు, స్నానానికి వచ్చారు, అంతే. కానీ ఆ నీళ్ళు! ఒక కొసన చిక్కగా మొదలై, గీత ఎక్కడా లేకుండా పల్చబడి కాగితంలో కలిసిపోయింది. బొకాషి అంటారు దాన్ని. చెక్క మీద తడి పూసి, రంగుని ఒక పక్కనించి కుంచెతో లాగుతారు. ప్రతి కాగితానికీ మళ్ళీ మొదట్నించీ చెయ్యాలి, అంచేత ఏ రెండు కాపీల్లోనూ నీళ్ళు ఒక్కలా ఉండవు. ఈ గంగ ఈ కాగితానికే ఉంది.

వెనక్కి తిప్పమన్నాను. బొమ్మని ముందునించి చూసేవాడు కొనేవాడు కాదు, వెనక చూసేవాడే కొంటాడు, ఈ సంగతి ఆవిడకీ తెలుసు, అప్పుడే మొదటిసారి నావైపు సరిగ్గా చూసింది. వెనక రంగులు ఇంకి కనబడుతున్నాయి. బరెన్ తిప్పిన చారలు, గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి, అచ్చం పెనం మీద దోసెపిండిని గరిటెతో తిప్పినట్టు. నూరేళ్ళ కిందట ఎవరో రుద్దిన చెయ్యి అది. చుక్కల్లేవు, భూతద్దం పెట్టినా పీచులే, తెల్లటి పట్టుపోగుల్లాంటి పీచులు.

పై అంచున మాత్రం రెండు గోధుమరంగు మరకలు. సెల్లోటేపు! ఎవడో మహానుభావుడు ఎప్పుడో టేపుతో అట్టకి అంటించాడు. టేపు పోయింది, జిగురు కాగితంలోకి దిగిపోయింది. మనం అన్నం మెతుకులతో స్టాంపులు అంటిస్తే మీ నాన్నగారు వీపు పగలగొట్టారు, గుర్తుందా? పాపం మనదే రైటురా. ఇక్కడ కాగితాలు బాగుచేసేవాళ్ళు వాడేది గోధుమపిండి జిగురే. తడిపితే ఊడొస్తుంది, మరక పడదు. ఆ లెక్కన నీ ఆల్బమ్‌కి మ్యూజియం అర్హత ఉంది.

ఆ మరకల వల్లే ధర తగ్గింది, తగ్గినా నాకు గొంతు ఆరిపోయింది. ఇక్కడే నా తెలుగు నాలుక కొంప ముంచింది. మనం "కొంచెం చూడండి" అంటాం కదా, ధర సంగతి. అదే జపనీసులోకి దింపేశాను: మో సుకోషి మితె కుదసాయ్. ఆవిడ "హాయ్", అంటే సరే, అని లేచి వెళ్ళి నాది కాక ఇంకో భూతద్దం, నాదానికి రెండింతలది, తెచ్చి, దీపం దగ్గరికి లాగి, నాతోపాటు వంగి చాలాసేపు శ్రద్ధగా చూసింది. ఇద్దరం అలా తలలు ఆనించి కాశీ చూస్తున్నాం. ఇంకేం బేరం? అడిగినంతా ఇచ్చేశాను.

డబ్బు కడుతుంటే అడిగింది, ఇది మీ ఊరా అని. కాదండీ, మాకు వేరే నది ఉంది అన్నాను. వాళ్ళెందుకు అంతమంది ఒకేచోట స్నానం చేస్తున్నారంది. నా జపనీసులో మోక్షం ఎలా చెప్పను? "అక్కడ చేస్తే మంచిది" అన్నాను. ఆవిడ "ఆహా, ఒన్‌సెన్" అంది. వేడినీటి ఊటల స్నానాలరా! నేను దిద్దలేదు. మీ అమ్మగారికి మాత్రం చెప్పకు.

జింబోచో నుంచి కుదన్‌షిత స్టేషను దాకా నడిచాను, ప్లాస్టిక్ కవరులో, ఆ పైన నా వానకోటులో చుట్టి. నేను మాత్రం తడిసి ముద్ద. తోజాయ్ లైన్లో నిలబడే వచ్చాను, చంకలో పురిటిబిడ్డని పెట్టుకున్నట్టు.

ఇంటికొచ్చి చూపించాను. పద్మ చాలాసేపు చూసి అంది: "ఈ డబ్బుతో నన్ను నిజం కాశీకే తీసికెళ్ళొచ్చుగా?" జవాబు లేదు. ఇంతవరకూ లేదు. అమ్మకి వీడియోలో చూపిస్తే "నేను వెళ్ళినప్పుడు నీళ్ళు ఈ రంగులో లేవురా" అంది. గోడకి ఎందుకు పెట్టలేదంది. వెలుగు తగిలితే రంగులు పోతాయమ్మా అన్నాను. "కాశీని చొక్కాల కింద పెడతావా!" అని కళ్ళు మూసుకుంది. అప్పట్నుంచి పంచెల కింద పెట్టాను, కొంచెం నయం.

కాశీ వెళ్తే ఏదో ఒకటి వదలాలి కదా. పిన్నిగారు జన్మలో తినని కాకరకాయని వదిలేసి గంగమ్మ చెవిలో పువ్వు పెట్టారు. నేను వేసవి బోనస్ వదిలేశాను.

నిన్న ఇంకో సంగతి. సెప్టెంబరు 1న ఇక్కడ భూకంపం డ్రిల్లు. సైరను మోగింది, అందరం బల్లల కింద దూరాం, మా మేనేజరుగారి మోకాలు నా మొహానికి ఆనింది. 1923లో ఆ రోజే, పన్నెండు కొట్టబోతుండగా వచ్చింది పెద్ద భూకంపం. అన్ని ఇళ్ళల్లోనూ పొయ్యిలు వెలిగి ఉన్నాయి. లక్షమందికి పైగా పోయారు. వతనాబె కొట్టు కూడా తగలబడింది, చెక్కిన చెక్కలూ, అమ్ముడుపోని బొమ్మలూ అన్నీ. ఆ లోపల ఎవరో కొనుక్కుని ఇంటికి పట్టుకుపోయినవే బతికాయి. బల్ల కింద కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. ఆ సెల్లోటేపు వెధవని మూడు రోజులుగా తిట్టుకుంటున్నానా, కానీ వాడో, వాడికన్నా ముందువాడో దాన్ని కొని తీసికెళ్ళకపోయుంటే... నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, మేనేజరుగారు "కాలు తిమ్మిరెక్కిందా" అన్నారు.

నీకొక పని. మీ అటక మీద నా మూడుకోణాల స్టాంపు ఇంకా ఉందో లేదో

కింద బెల్లు. ఈ ఉత్తరం పట్టుకెళ్ళాల్సిన ఆయన వచ్చేశారు, తెల్లారి నరితాలో విమానం, నేనింకా కవరు మీద అడ్రసే రాయలేదు. ఏనుగు ఏదీ? దొరికింది. చెల్లెమ్మకి చెప్పు. స్టాంపు వెతుకు!

నీ
రాంబాబు