మోంతెరిజ్జోని కొండ దారిలో తోడొచ్చిన పెద్దావిడకు

ఇటలీలోని సియెనా నగరం నుంచి వచ్చిన బస్సు మమ్మల్ని కొండ కింద దింపింది. పైన మోంతెరిజ్జోని కోట. అమ్మకేమో మోకాళ్ల నొప్పులు. ఎవరో పెద్దావిడ, ఏమీ అడగకుండానే అమ్మ చేయి పట్టుకుని, ఎండలో అడుగడుగునా ఆగుతూ కోట ద్వారం దాకా నడిపించారు. ప్రత్యర్థి నగరం ఫ్లోరెన్స్‌ను నిలువరించడానికి సియెనా వాళ్లు 1213లో మొదలుపెట్టిన కోట అది. ప్రాకారం చుట్టూ 14 బురుజులు. కనిపించినవాటిని ఆవిడ ఇటాలియన్‌లో, అమ్మ తెలుగులో వేళ్ల మీద లెక్కపెట్టారు. ఎంత ముచ్చటేసిందో! లోపలి చౌరస్తాలో బావి పక్కన అమ్మను కూర్చోబెట్టి, తల నిమిరి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయారు. తోడొచ్చిన తల్లీ, మీరు లేకపోతే మేము కింది నుంచే చూసి తిరిగివచ్చేవాళ్లం. మీకు మా ఇద్దరి నమస్కారాలు. అమ్మ ఇప్పటికీ మిమ్మల్ని 'మా అక్క' అనే చెబుతుంది.