గుండె ఎంతసేపు ఆపారో రాసివ్వండి

సంపాదకుడు గారికి,

రెండేళ్ల కిందట మా అమ్మకు ఆరోగ్యశ్రీ కింద గుండెలోని మైట్రల్ వాల్వ్ (కవాటం) మార్చారు. గుండెను ఆపి చేస్తారన్న సంగతి ముందురోజు సంతకం పెట్టేటప్పుడే నాకు తెలిసింది. ఈమధ్య ఎకోలో పంపింగ్ తగ్గిందని చూసి, మా ఊరి డాక్టరు గారు "అప్పుడు క్లాంప్ ఎంతసేపు పెట్టారమ్మా?" అని అడిగారు. క్లాంప్ అంటే ఆపరేషన్‌లో రక్తనాళాన్ని నొక్కి మూసే పట్టు. అదెంతసేపు ఉందో డిశ్చార్జి కాగితంలో ఆ ముక్కే లేదు. ఆపరేషన్ వల్లే తగ్గిందని నేననడం లేదు. తేల్చుకునే ఆధారం మా చేతిలో లేదు, అంతే.

గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనికి క్లాంప్ వేశాక, గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం ఒంటికంతా రక్తం అందిస్తుంది, గుండె కండరానికి తప్ప. అందుకే పొటాషియం కలిపిన చల్లటి ద్రవం, అంటే కార్డియోప్లీజియా ఎక్కించి గుండెను ఆపుతారు. కొట్టుకోని గుండెకు ఆక్సిజన్ చాలా కొద్దిగా చాలు. ఇందులో మోతాదే ప్రాణం. 1955లో లండన్‌లో మెల్‌రోజ్ అనే డాక్టరు పొటాషియంతో గుండెను ఆపే పద్ధతి చెప్పారు. ఆ గాఢతకు కండరమే దెబ్బతింటోందని కొన్నేళ్లకే వదిలేశారు. 1970లలో అదే ఊళ్లోని సెయింట్ థామస్ ఆసుపత్రి వాళ్లు పొటాషియం బాగా తగ్గించి తయారుచేసిన ద్రవం ఇప్పటికీ వాడుకలో ఉంది. దాన్ని ఇరవై, ముప్ఫై నిమిషాలకోసారి మళ్లీ ఇవ్వాలి. డెల్ నీడో అనే మరో రకం ఒక్క డోసుతో గంటకు పైగా కాపాడుతుంది. గడియారం చూస్తూ ఇదంతా నడిపేది పెర్‌ఫ్యూజనిస్ట్. సన్మానాల ఫొటోల్లో ఆయన కనపడగా నేను చూడలేదు.

క్లాంప్ ఎన్ని నిమిషాలు ఉంది, ఏ ద్రవం ఎన్నిసార్లు ఇచ్చారు, యంత్రం నడిపిందెవరు అన్నవి డిశ్చార్జి కాగితంలో రాయాలని ఆరోగ్యశ్రీ ట్రస్టు షరతు పెట్టాలి. కొత్తగా లెక్కలు కట్టక్కర్లేదు, ఆపరేషన్ జరుగుతుండగానే ఇవన్నీ చార్టులో రాస్తారు. నిమిషాలు చూసి జనం గొడవకు దిగుతారన్న భయం ఆసుపత్రులకు ఉండొచ్చు. కష్టమైన కేసుకు ఎక్కువసేపు పడుతుందని ముందే చెబితే మాకూ అర్థమవుతుంది.

రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలనీ, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలనీ 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నేను అర్జీ పెట్టి నెల దాటింది. ఆ మూడేళ్లలో మాకింక మిగిలింది పది నెలలు.

— ఒక పాఠకురాలు, ఖమ్మం