జిమ్మీ లిటిల్ భాగంలోని తప్పులపై ఫిర్యాదు

కంటెంట్ విభాగాధిపతి గారికి,

విషయం: తొలినాళ్ల రాక్ సంగీతంపై మీ సిరీస్‌లో జిమ్మీ లిటిల్ భాగం – సమాచారంలో, ఆడియోలో దోషాలు

అయ్యా/అమ్మా,

ఆస్ట్రేలియా ఆదివాసీ గాయకుడు, నటుడు జిమ్మీ లిటిల్‌పై తెలుగు వ్యాఖ్యానంతో మీరు పెట్టిన భాగానికి విడిగా డబ్బు కట్టించుకున్నారు. అందులో గొంతు ఒక్కటే ఆయనది, కథ ఆయనది కాదు.

‘రాయల్ టెలిఫోన్’ను ప్రియురాలికి ఫోన్ చేసే రాక్ పాటగా పరిచయం చేశారు. అది ఫ్రెడరిక్ లేమన్ రాసిన పాత క్రైస్తవ గీతం. ఫోన్‌కు అవతల ఉన్నది దేవుడు. మొదటి చరణం విన్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. గొంతు పెంచకుండా పాడిన ఆ పాట 1963లో సిడ్నీ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. మరుసటి ఏడాది ‘ఎవ్రీబడీస్’ పత్రిక ఆయన్ను ఆ ఏటి ఆస్ట్రేలియా పాప్ స్టార్‌గా ఎంచింది. అందరూ రాక్ అండ్ రోల్ వెంట పడిన కాలంలో కంట్రీ (అమెరికా గ్రామీణ శైలి), గాస్పెల్ (క్రైస్తవ భక్తి) పాటలతో నిలబడ్డ గాయకుడాయన. రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీతో మీరు పెట్టిన పోలిక తీసేయండి. పోల్చి తీరాలంటే మృదువుగా పాడే అమెరికన్ గాయకులు నాట్ కింగ్ కోల్, జిమ్ రీవ్స్ ఉన్నారు.

అసలు బాధ ఆడియోతో. ‘రాయల్ టెలిఫోన్’ రికార్డు మోనో, అంటే రెండు చెవులకూ ఒకటే ధ్వని. మీరు దాన్ని దొంగ స్టీరియో చేశారు: బాస్ (మంద్ర ధ్వని) ఒక చెవికి, ట్రెబుల్ (తార ధ్వని) ఇంకో చెవికి, పైగా ఒక వైపు కొద్దిపాటి ఆలస్యం. ఒకే స్పీకరున్న ఫోన్‌లో రెండూ కలిసేసరికి కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు బోలుగా వినిపిస్తోంది. అనుమానముంటే ఒక ఛానెల్ ఫేజ్ తిప్పి, అంటే ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి, రెండోదానితో కలపండి. నిజమైన మోనో అయితే ఏమీ మిగలకూడదు. మీ ఫైల్‌లో సగం పాట మిగులుతోంది. అసలు రికార్డింగ్ టేపు దొరక్కపోతే శుభ్రంగా కడిగిన 45 ఆర్‌పీఎం రికార్డును 25 మైక్రాన్ల మోనో సూదితో వాయించి, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ డిజిటల్ ఫైల్‌గా ఎక్కించుకోండి. స్టీరియో కార్ట్రిడ్జ్ (సూది కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) వాడితే ముందు రెండు ఛానెళ్లనూ కలిపేయాలి. గాడి అడుగున ఉండే నిలువు రొద అక్కడే చాలావరకు పోతుంది. ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్‌తో రొద తగ్గించడం (నాయిస్ రిడక్షన్), అదీ తక్కువగా. ఇప్పుడు మీరు వాడినంత వాడితే రొదతోపాటు ‘స’కారాలూ ఊపిరీ పోతాయి. ఆయన పాటలో సొగసంతా అక్కడే ఉంది మరి.

పాటల వివరాల్లో తండ్రీ కొడుకులు కలిసిపోయారు. తండ్రి పేరూ జేమ్స్ లిటిలే. ‘గివ్ ద కలర్డ్ బాయ్ ఎ ఛాన్స్’ రాసింది తండ్రి, పాడింది కొడుకు. రచయితకు ఐపీఐ, గాయకుడికి ఐఎస్‌ఎన్‌ఐ అనే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యలు విడివిడిగా నమోదు చేయకపోతే రాయల్టీ లెక్కలూ తారుమారవుతాయి.

నటన గురించి ఒక్క మాటా లేదు. 1960లో వచ్చిన ‘షాడో ఆఫ్ ద బూమరాంగ్’లో నటించారు, ఒక అమెరికన్ పశువుల క్షేత్ర నిర్వాహకుడి జాతి ద్వేషమే దాని కథ. 1991లో జర్మన్ దర్శకుడు విమ్ వెండర్స్ తీసిన ‘అంటిల్ ద ఎండ్ ఆఫ్ ద వరల్డ్’లోనూ ఉన్నారు.

‘1999 దాకా కనుమరుగు’ అన్నదీ తప్పే. 1974లో ‘బేబీ బ్లూ’, 1990లలో ‘యోర్తా యోర్తా మ్యాన్’ ఆల్బమ్ ఉన్నాయి. మధ్యలో సిడ్నీలో ఆదివాసీ విద్యార్థుల కోసం ఉన్న ఇయోరా సెంటర్‌లో పాఠాలు చెప్పారు. 1999 నాటి ‘మెసెంజర్’ ఆల్బమ్‌లో గో-బిట్వీన్స్, ది చర్చ్ వంటి రాక్ బృందాల పాటల్ని తన తీరులో పాడారు, అది ఆస్ట్రేలియా చార్టులో 26వ స్థానం దాకా వెళ్లింది. మీ సిరీస్‌కు నిజంగా పనికొచ్చే ఆల్బమ్ అదే. దాన్నే వదిలేశారు.

1967లో ఆదివాసులకు ఓటు వచ్చిందని కూడా చెప్పారు. ఫెడరల్ (కేంద్ర) ఎన్నికల్లో ఓటు హక్కు 1962లోనే వచ్చింది. 1967 రెఫరెండం జనాభా లెక్కలో వారిని వదిలేసే రాజ్యాంగ 127వ సెక్షన్‌ను తొలగించింది, వారి కోసం చట్టాలు చేసే అధికారాన్ని కేంద్ర పార్లమెంటుకు ఇచ్చింది. దానికి ముందే ఆయన పాప్ స్టార్.

ఆయన 2012లో మరణించారు. మరణించినవారి పేరు, బొమ్మ, గొంతు వస్తాయని ఆదివాసీ శ్రోతలను ముందే హెచ్చరించడం ఆస్ట్రేలియా ప్రసారాల్లో మామూలు. భాగం మొదట్లో ఆ హెచ్చరిక చేర్చండి.

సవరించిన భాగం వచ్చేదాకా దీని అమ్మకం ఆపండి. కొన్నవాళ్లకు కొత్త ఫైల్ ఉచితంగా ఇవ్వండి, లేదా డబ్బు తిరిగివ్వండి. ఏది చేస్తారో, ఎప్పటిలోగా చేస్తారో రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
మీ చందాదారులైన పాత రికార్డుల శ్రోతలు