పన్నెండు అక్షరాల పేరు

హైదరాబాద్,
శనివారం మధ్యాహ్నం

ఒరేయ్ చంటీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాలేదని తిట్టుకునే ఉంటావు, తప్పు నాదే, మన్నించు. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఆ కాగితాలు ఇప్పటికీ డైరీలోనే ఉన్నాయి. ఇంట్లో అందరం క్షేమం. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. పాప రెండో తరగతికి వచ్చింది. ఇక ఈ క్షేమ సమాచారాలు చాలు. నీకు చెప్పేదాకా నాకు నిలకడ ఉండని సంగతి ఒకటి ఉంది.

మొన్న గురువారం రాత్రి మా ఆఫీసులో అరవై వేల షేర్లు కనిపించకుండా పోయాయి.

దొంగతనం కాదురా, కంగారు పడకు. అవి ఉన్నచోటే ఉన్నాయి. పేరు మారింది, అంతే. ఆ పేరు మారిన సంగతి మా కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు.

ఆ అద్దాల మేడలో నువ్వు చేసే పని ఏమిటిరా అని ఎప్పుడూ అడుగుతావు కదా, ఇప్పుడు విను. విదేశీ ఫండ్లు మన దేశంలో కొన్న షేర్లను వాళ్ల తరఫున భద్రంగా ఉంచడం మా పని. వాళ్లు ఏదైనా అమ్మితే బ్రోకరు తన లెక్క పంపుతాడు, ఫండు తన ఆదేశం పంపుతుంది, మా పుస్తకంలో నిల్వ ఉంటుంది. ఈ మూడింటినీ కంప్యూటరు పక్కపక్కన పెట్టి చూస్తుంది. కలిస్తే మనిషి చెయ్యి పడకుండానే షేర్లు అటు, డబ్బు ఇటు వెళ్లిపోతాయి. దాన్నే మేము ఎస్‌టీపీ అంటాం. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ లావాదేవీ పక్కకు పడుతుంది. పక్కకు పడ్డవాటిని చూసేది మేము.

మరి మూడూ కలవాలంటే అందరూ ఆ షేరును ఒకే పేరుతో పిలవాలి కదా. మామూలు పేరు దీనికి చాలదు. తపాలా సార్టింగులో ఇన్నేళ్లు చేసిన నీకు నేను చెప్పాలా? గోదావరి రామచంద్రపురం వెళ్లాల్సిన గుమ్మడికాయ పార్సిలు హైదరాబాదు పక్క రామచంద్రపురం చేరి ఏమైందో మనిద్దరికే తెలుసు. (ఆ మూట విప్పినప్పటి మీ ప్రెసిడెంటు ముఖం గుర్తుందా!) మీద 533 అని పిన్‌కోడు మొదలుపెట్టి రాసి ఉంటే అంత జరిగేదే కాదు. షేర్ల లోకంలోనూ ఇలాంటి రామచంద్రపురాలు ఉన్నాయి. 2020 మార్చిలో ప్రపంచమంతా వీడియో కాల్స్ కోసం జూమ్ మీద పడింది కదా, అప్పుడు అదే అనుకుని జూమ్ టెక్నాలజీస్ అనే మరో చిన్న కంపెనీ షేర్లు కొన్నవాళ్లు ఉన్నారు. చివరికి అమెరికా నియంత్రణ సంస్థ ఆ చిన్న కంపెనీ షేర్ల లావాదేవీలను కొన్నాళ్లు ఆపేసింది. మన టాటా మోటార్స్‌కే 2024 దాకా రెండు రకాల షేర్లు ఉండేవి. పేరు చివర డీవీఆర్ అన్న మూడు అక్షరాలే తేడా, కానీ ధర వేరు, ఓటు హక్కు వేరు.

అందుకని ప్రతి షేరుకూ పన్నెండు అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. ఐసిన్ అంటాం. స్టేట్ బ్యాంకు షేరునే తీసుకో. 2014 దాకా దాని నంబరు ఐఎన్‌ఈ 062ఏ 01 01 2. ఐఎన్ అంటే ఇండియా, ఈ అంటే కంపెనీ, 062ఏ అంటే స్టేట్ బ్యాంకు, 01 అంటే ఈక్విటీ షేరు, తర్వాతి 01 వరుస సంఖ్య. చివరి అంకె కాపలాదారు. ముందున్న పదకొండింటిని ఒక పద్ధతిలో లెక్క కడితే అది రావాలి. సున్నా కొట్టాల్సిన చోట ఇంగ్లీషు ‘ఓ’ కొట్టావంటే ఆ అంకె కలవదు, వెంటనే దొరికిపోతావు. ఆ ఏడాది పది రూపాయల ముఖవిలువ షేరును రూపాయి షేర్లుగా విడగొట్టారు. విడగొడితే అది కొత్త షేరు కిందే లెక్క, కొత్త నంబరు ఇస్తారు. అది ఐఎన్‌ఈ 062ఏ 01 02 0 అయింది. వరుస సంఖ్య ఒకటి పెరిగింది, కాపలా అంకె మారింది. మిగతాదంతా అదే.

గురువారం జరిగింది అచ్చంగా ఇదే. కంపెనీ వేరు. పది రూపాయల షేరు అయిదు ముక్కలై రెండు రూపాయలదైంది, అదీ ముందు వారమే. షేర్లను కంప్యూటరు ఖాతాల్లో ఉంచే డిపాజిటరీలో కొత్త నంబరు కింద షేర్లు జమ కూడా అయ్యాయి. ఫండు అరవై వేలు అమ్మి కొత్త నంబరుతో ఆదేశం పంపింది. బ్రోకరుదీ కొత్త నంబరే. షేర్లు ఇచ్చి డబ్బు పుచ్చుకునే మా సెటిల్‌మెంట్ పట్టికలో మాత్రం పాత నంబరు, పన్నెండు వేల షేర్లు. ‘ఈ షేరు మా దగ్గర లేదు’ అని కంప్యూటరు తేల్చేసింది.

రాత్రి ఎనిమిదిన్నర. ఇప్పుడు మాకు గడువు ఎక్కడుంది? 2023 జనవరి 27 నుంచి మన మార్కెట్ మొత్తం మర్నాటి సెటిల్‌మెంటుకు వచ్చేసింది. ఇవాళ అమ్మితే రేపు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఈ ఇచ్చిపుచ్చుకోవడాలకు హామీగా నిలబడే క్లియరింగ్ కార్పొరేషన్ వేలం పెట్టి ఎక్కడినుంచో కొని కొన్నవాడికి ఇస్తుంది, ఆ తేడా ఇవ్వనివాడి నెత్తిన పడుతుంది. షేర్లు లేక కాదు, ఉండి ఇవ్వలేకపోవడం! నాకు కాళ్లు చల్లబడ్డాయి.

నలుగురం వెతికాం. బ్రోకరుకు ఫోను, ఫండుకు మెయిలు. మూడు నెలల కిందట చేరిన అమ్మాయి ఒకతి ఉంది, అసలు మాట్లాడదు. ఆమె రెండు నంబర్లనూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని ఎడమ నుంచి వేలితో ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్లింది. తొమ్మిదో అక్షరం దాటాక వేలు ఆగింది. ‘సార్, ఇది తప్పు నంబరు కాదు, పాత నంబరు’ అంది.

చంటీ, ఆ మాట నా చెవిలో ఇంకా మోగుతోంది. కాపలా అంకె తప్పును పడుతుంది కానీ పాతను పట్టదు. పాత నంబరుకు లెక్క చక్కగా సరిపోతుంది! పిన్‌కోడు, వీధి, తలుపు నంబరు అన్నీ సరిగ్గా ఉండి, మనిషి మాత్రం ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిన ఉత్తరం లాంటిది.

ఒకరు నమోదు చేసి ఒకరు సరిచూసి చేత్తోనే దాటించాం. శుక్రవారం షేర్లు వెళ్లాయి, డబ్బు వచ్చింది. ఎవరికీ నష్టం లేదు. కానీ నేను ఇంటికి వెళ్లలేకపోయాను. అసలు కారణం తెలియాలి కదా. షేర్లు విడగొట్టడం లాంటివి చూసే మా కార్పొరేట్ యాక్షన్స్ వాళ్లు కొత్త నంబరును మొదటిరోజే వాళ్ల పట్టికలో వేశారు. సెటిల్‌మెంట్ పట్టిక వేరు, దానికి బయటినుంచి ఫైలు వస్తుంది. ఆ షేరు వరుసకు ఎవరో 2019లో తాళం వేశారు, బయటి ఫైలు దాన్ని మార్చకుండా. పక్కన ‘తాత్కాలికం’ అని రాసి ఉంది. రాసినవారు ఉద్యోగం మాని వెళ్లిపోయారు, తాళం అలాగే ఉంది. ఆ ఒక్క మాట చూసి ఎంత బాధ కలిగిందో చెప్పలేను.

శుక్రవారం మీటింగులో గట్టిగానే మాట్లాడాను. ఒకే షేరుకు మనకు నాలుగు పట్టికలు ఎందుకు? ఒకే పుస్తకం ఉండాలి, దాన్ని ఒకే బృందం మార్చాలి, మిగతా అందరూ అందులోంచే చదువుకోవాలి. ఎంత వేగమైన యంత్రం పెట్టినా పేర్లు కలవకపోతే అది ఆగి మనల్నే పిలుస్తుంది. 1968లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ కాగితాల కుప్పలు సర్దుకోవడానికి బుధవారాలు మూసేసిందని, అక్కడ షేర్లకు క్యూసిప్ నంబర్లు వచ్చింది ఆ రోజుల్లోనేనని కూడా చెప్పాను. కంపెనీలకూ అంతే. 2008లో లేమన్ బ్రదర్స్ కూలినప్పుడు దాని ఏ శాఖ ఎవరికి ఎంత బాకీయో తేలక, తర్వాత ప్రతి సంస్థకూ ఇరవై అక్షరాల ఎల్‌ఈఐ అనే నంబరు… అది మరో ఉత్తరంలో రాస్తాను, పెద్ద కథ.

ఎవరూ కాదనలేదు. నెలాఖరులోగా ప్రణాళిక రాసి ఇవ్వమన్నారు. రెండేళ్లుగా అడుగుతున్నానురా! మొదటిగా ఏం చేశానో తెలుసా? ఆ అమ్మాయిని నా బృందంలోకి అడిగి తీసుకున్నాను. తాళాలన్నీ లెక్కపెడుతున్నాం. నిన్న సాయంత్రానికి ‘తాత్కాలికం’ అని రాసినవే నలభై ఒకటి తేలాయి.

నువ్వు నాకు ఒక సాయం చేయాలి. ఒక ఊరి పిన్‌కోడు మారితే మీ దగ్గర ఆ మార్పు ఎవరు చేస్తారు? అందరికీ ఎలా తెలుస్తుంది? పాత కోడుతో ఇంకా వచ్చే ఉత్తరాలను ఎన్నాళ్లు చేరుస్తారు? పాత నంబరును తీసేయకుండా, కొత్తదానికి దారి చూపేలా ఉంచాలని నా ఆలోచన. మీ పద్ధతి తెలిస్తే నా కాగితంలో… అయ్యో, నాలుగూ ఇరవై అయింది. నాలుగున్నరకు డబ్బా తీస్తారు, ఈ ఉత్తరం ఇవాళే పడాలి. పిన్‌కోడు రెండుసార్లు చూసి రాశాను. జవాబు వెంటనే

నీ
గుమ్మడి